ఐస్ పెట్టకూడని రక్తం

ఈ ఉదయం శాంపిళ్ల డబ్బా మూత తీయగానే ఐస్ చల్లదనం వేళ్లకు తగిలి, సుశీలక్క గుర్తొచ్చింది. శంషాబాద్‌లో మా రక్తపరీక్షల సెంటరుకు పెద్ద దిక్కు ఆమె. సాతంరాయి నుంచి స్కూటీ మీద వచ్చేది. నరం దొరకని చేతిని వేలితో నిమిరి, మాటల్లో పెట్టి, నొప్పి తెలియకుండా రక్తం తీసేది. నాకు సూది పట్టడం నేర్పింది ఆమే. తిట్టేదీ ఆమే, తన టిఫిన్ డబ్బాలో సగం నాకు పెట్టేదీ ఆమే.

అలాంటి అక్కకే రొమ్ము క్యాన్సర్ వచ్చింది. ఎడమవైపు ఆపరేషన్, కీమో అయ్యాక, జబ్బు ఇంకా మిగిలిందేమో రక్తంలోనే వెతికే పరీక్ష రాశారు డాక్టరు. గడ్డ నుంచి రాలిన జన్యుపదార్థపు ముక్కలు రక్తంలో తిరుగుతుంటాయట. స్కానింగుకు అందనివి కూడా ఒక్కోసారి దీనికి దొరుకుతాయట. రక్తం ఇక్కడ తీసి, విమానంలో వేరే ఊరి ల్యాబుకు పంపాలి. నన్నే తీయమంది అక్క. ఆపరేషన్ అయిన వైపు గుచ్చకూడదన్నారు కాబట్టి ఉన్నది కుడి చెయ్యి ఒక్కటే. కీమోతో ఆ నరాలూ గట్టిపడ్డాయి. మూడోసారికి గానీ రక్తం రాలేదు.

ఇంత కష్టపడి నేను చేసిన ఘనకార్యం ఏమిటంటే, అలవాటు కొద్దీ ఆ ట్యూబులను కూడా ఐస్‌లో పెట్టేయడం. వాటిని గదిలో మామూలుగా ఉంచాలి. చల్లబడితే రక్తకణాలు పగిలి, వాటి జన్యుపదార్థంలో మనం వెతికే జాడ మునిగిపోవచ్చు. గంట తర్వాత గానీ చూసుకోలేదు. తుడిచి పంపేస్తే ఎవరికీ తెలియదు. అక్కను మళ్లీ గుచ్చాలన్న ఊహకే ఏడుపొచ్చింది. ఎయిర్‌పోర్టుకు తీసుకెళ్లే అతను బయట హారన్ కొడుతున్నాడు. ఇవ్వలేదు. అక్కకు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను.

ఆమె తిట్టలేదు. అరగంటలో వచ్చి, కుడి చెయ్యి బల్ల మీద పెట్టింది.

"ఏడ్వకు, చెయ్యి వణుకుతది. మంచిగున్నదని తప్పు రిపోర్టొస్తే నేనేం జేసుకోను దాన్ని? నాకు నిజం గావాలె."

కొన్నాళ్లకు రిపోర్టు వచ్చింది. జాడ ఉంది. డాక్టర్లు ఇంకొన్ని పరీక్షలు చేసి మందు మార్చారు. ఆ కాగితం పట్టుకుని అక్క ముందు నా దగ్గరికే వచ్చింది. నేను తలెత్తలేకపోయాను.

"జర ఇటు చూడు. గా ఐస్ రక్తమే పంపినవనుకో, నేనిప్పుడు మిఠాయి పంచుకుంట తిరుగుతుంటి," అని నవ్వింది. ఆ తర్వాత రెండేళ్లు మాతోనే పనిచేసింది. నిరుడు పోయింది.

ఇప్పుడు కొత్త అమ్మాయిలకు నేర్పేది నేనే. తప్పు జరిగిందని ఎవరైనా వచ్చి నిలబడితే కోపం తన్నుకొస్తుంది. మింగేసి కూర్చోబెడతాను, మంచినీళ్లిస్తాను. తర్వాత ఆ పేషెంటు దగ్గరికి ఇద్దరం కలిసే వెళ్తాం. మళ్లీ గుచ్చాలమ్మా, తప్పు మాదే అని నేనే చెబుతాను.