అత్తమ్మ, నేను, మధ్యలో గాలి మిషన్

నా గురకకు మా అత్తమ్మ పెట్టిన పేరు గిర్ని. నాంపల్లిలో మా గల్లీ చివర జొన్నలు పట్టే పిండి గిర్ని ఒకటి ఉంది. అది పగలు నడుస్తుంది, నేను రాత్రి నడుస్తాను, అంతే తేడా అని ఆవిడ లెక్క. ఆ మాట ఇంట్లో అన్నా ఊరుకుందును. మొజంజాహీ మార్కెట్లో సీతాఫలాలు బేరం చేస్తూ కూడా, "మెత్తటియి వద్దు బిడ్డా, గట్టియి ఇయ్యి. మా కోడలు గురక వెడితె ఆ అదురుకే మాగుతయి" అంటుంది. పండ్లాయన నా వైపు చూసి, నవ్వు ఆపుకోలేక తూకం రాళ్లు వెతుక్కుంటాడు. నేను టీచర్ని. ఆయన కూతురు మా బడిలోనే చదువుతోంది.

మా ఇంట్లో ఏసీ ఉన్న గది ఒక్కటే. కిటికీ పక్కన అత్తమ్మ మంచం, గోడ పక్కన నా మంచం. మా ఆయన బేగం బజార్‌లో ఒక మిర్చి దుకాణంలో గుమాస్తా. ఏసీ పడదని చెప్పి హాల్లో కూలర్ ముందు పడుకుంటారు. పడనిది ఏసీ కాదని నాకూ తెలుసు, ఆయనకూ తెలుసు.

మామయ్య పోయినప్పటి నుంచి ఈ ఏర్పాటు. ఆయన నిద్రలోనే పోయారు. పక్కనే పడుకున్న అత్తమ్మకు, పొద్దున చాయ్ పట్టుకొచ్చి లేపబోయేదాకా తెలియలేదు. పరామర్శకు వచ్చిన వాళ్లందరితో ఒకటే మాట: "సప్పుడు లేకుంట పోయిండు." ఆనాటి నుంచి ఆవిడది కోడికునుకే. కునుకు చెడిందని పొద్దున్నే నా మీద కేకలు వేయడం మాత్రం మామూలే. "రాత్రంత కన్ను మూయనియ్యలేదు గదనే, గిర్నీ!"

అసలు కథ అబిడ్స్ సిగ్నల్ దగ్గర మొదలైంది. బడికి పోతూ స్కూటీ ఆపి, రెండు కాళ్లూ నేల మీద ఆనించాను. పచ్చ లైటు పడింది. నేను లేను. కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే నిద్రపోయాను. వెనక హారన్లు, పక్కన ఆటో అతని కేక: "అమ్మా, గీడ పండుకుంటె ఎట్ల? ఇంటికి వోయి పండుకో!" తప్పు నాదే అయినా, ముందు నీ ఆటోకి అద్దం పెట్టించుకో పో అని అతన్నే కసిరాను. ఇంటికొచ్చాక మాత్రం జరిగింది మా ఆయనకు చెప్పాను. ఆ బండి కదులుతున్నప్పుడు కునుకు పడి ఉంటే?

ఎప్పుడూ గొంతు పెంచని మా ఆయన ఈసారి నా మాట వినలేదు. దవాఖానకు తీసుకుపోయారు. వంటికి వైర్లు తగిలించుకుని పడుకునే పరీక్ష ఒకటి చేశారు. నిద్రలో గొంతు వదులై, మధ్యమధ్యలో ఊపిరి కాసేపు ఆగి మళ్లీ వస్తోందట. "తక్కువగానే ఉంది, భయపడేదేం లేదు. కానీ పగలు ఇంత నిద్ర వస్తుంటే ఊరుకోవద్దు" అన్నారు డాక్టర్. ముక్కుకు మాస్కు పెట్టుకుని పడుకుంటే గాలి ఒత్తిడితో గొంతు మూసుకోకుండా చూసే మిషన్ ఉంటుందని, కొన్నాళ్లు కిరాయికి తెచ్చుకుని వాడి చూడమన్నారు. దారిలో మేమిద్దరం ఒక ఒప్పందానికొచ్చాం. ఊపిరి ఆగుతుందన్న మాట అత్తమ్మ చెవిన పడకూడదు. గురక తగ్గే మిషన్ అని చెబుదాం, చాలు.

కిరాయి దుకాణం అతను మిషన్ తెచ్చి, గొట్టం తగిలించి, నీళ్ల డబ్బా ఎలా నింపాలో, వెనక ఉన్న తెల్లటి ఫిల్టర్ ఎలా మార్చాలో అంతా చూపించాడు. అలవాటయ్యేదాకా మధ్యాహ్నాలు కూడా కాసేపు పెట్టుకోమన్నాడు. అత్తమ్మ కుర్చీలో కూర్చుని అన్నీ చూసి ఒకటే అడిగింది.

"గిది వెట్టుకుంటె గురక రాదా?"

"అస్సలు రాదమ్మా. సప్పుడే ఉండది" అన్నాడు అతను, తానే కనిపెట్టినంత గర్వంగా.

ఆవిడ మొహం వాడిపోయింది. మిషన్ నచ్చలేదేమో అనుకున్నాను.

మొదటి ఆదివారం మధ్యాహ్నం తగిలించుకున్నాను. నడిచే బస్సు కిటికీలోంచి మొహం బయట పెట్టినట్టుంది. మాట్లాడదామని నోరు తెరిస్తే గాలి బుస్సుమని బయటికొచ్చింది. "అయ్యో, తొండం! ఇగ నేను గణపతికి మొక్కాల్నా, కోడలికి మొక్కాల్నా?" అని అత్తమ్మ. జవాబు గొంతు దాకా వచ్చింది గానీ నోరు తెరిచే వీల్లేదు. నా నోరు మూయించేది ఇన్నాళ్లకు ఒకటి దొరికిందని మా ఆయన మొహం వెలిగిపోయింది.

ఎప్పుడు నిద్రపట్టిందో తెలియదు. కళ్లు తెరిచేసరికి మాస్కు పక్కన పడి ఉంది. నా ముక్కు కింద అత్తమ్మ రెండు వేళ్లు.

"ఏం చేస్తున్నరు అత్తమ్మా?"

"ఏం లేదు. పట్టీ బిగుసుకున్నట్టు అనిపిచ్చింది, జర వదులు చేసిన."

మర్నాడు ఈగ వాలిందంది. ఇంకోనాడు నా ఫోన్ మోగిందంది. చూస్తే ఫోన్ నా దిండు కిందే ఉంది, ఒక్క మిస్డ్ కాల్ కూడా లేదు. రాత్రీ ఇదే తంతు. మాస్కు ఉన్న కాసేపు ఎంత హాయిగా నిద్రపట్టేదో, ఆవిడ పీకగానే అంత చిరాకుతో లేచేదాన్ని. మళ్లీ స్టాఫ్ రూంలో కునుకుపాట్లు. ఒకరోజు ఒళ్లు మండి అరిచేశాను.

"నన్ను సచ్చేదాక నిద్రపోనియ్యరా మీరు?"

ఆ మాట నోరు జారింది. మాటకు మాట అప్పజెప్పే అత్తమ్మ, చాటలో కందిపప్పు పోసుకుని రాళ్లు ఏరుతూ కూర్చుంది. పక్కన కూలబడ్డాను.

"మీ మామ గూడ గట్లనే పండుకున్నడు, సప్పుడు లేకుంట" అంది, తల ఎత్తకుండా. "నీ గురక వస్తున్నంతసేపు, ఔ, ఉన్నది అనుకుంట. గిప్పుడు సప్పుడు లేకపాయె. నేనెట్ల పండుకోవాలె?"

"మరి ఇన్ని రోజులు గిర్ని అని ఎందుకు తిట్టిన్రు?"

"తిట్టకపోతె నెత్తికెక్కవా?"

మా ఆయన ఒక ఉపాయం చెప్పారు: నేనూ మిషన్ హాల్లోకి, ఆయన అత్తమ్మ గదిలోకి. "నువ్వొద్దు కొడకా. నువ్వు గూడ సప్పుడు లేకుంటనే పండుకుంటవ్" అని ఆవిడ ఒక్క మాటతో కొట్టిపారేసింది. నా నిద్ర నాకు కావాలి, ఆవిడ నిద్ర ఆవిడకు కావాలి, రెండూ ఒక గదిలో పట్టడం లేదు. దసరా కాగానే మిషన్ తిరిగిచ్చేద్దామనుకున్నాను. సిగ్నల్ సంగతి తలుచుకుంటే భయమే, కానీ ఆ వయసు మనిషిని రోజూ జాగారం చేయించలేను.

దసరా పొద్దున తలస్నానం చేసి వచ్చేసరికి వరండాలో ఆయుధ పూజ వరస తయారైంది. స్కూటీ, మిక్సీ, కుట్టు మిషన్, మా ఆయన క్యాలిక్యులేటర్, కత్తిపీట. వాటి మధ్యలో, పీట మీద, నా గాలి మిషన్. ఒళ్లంతా పసుపు కుంకుమ బొట్లు. గొట్టానికి బంతిపూల దండ. పైగా అది నడుస్తోంది! వెనకే సాంబ్రాణి. పొగంతా పిలిచినట్టు వెళ్లి మిషన్లో దూరి, అటు మాస్కులోంచి బయటికొస్తోంది.

"అత్తమ్మా! ఎందుకు ఆన్ చేసిన్రు?"

"దేవునికి సూపెట్టెటప్పుడు బంద్ వెడ్తరా ఎవరన్న? నడిచెటిదే సూపెట్టాలె."

పరుగున పోయి ప్లగ్ పీకాను. తెల్లటి ఫిల్టర్ పసుపు పచ్చగా, పెళ్లికొడుకు పంచె అంచులా తయారైంది. సాయంత్రం జమ్మి ఆకు పెట్టడానికి వచ్చిన చుట్టాలందరికీ అత్తమ్మ దాన్ని చూపించింది. "మా కోడలి ఊపిరి మిషన్."

అందరూ వెళ్లాక అడిగాను. "గురక మిషన్ అని గదా మేం చెప్పింది?"

"మీరు చెప్తె మాత్రం నాకు తెల్వదానే? గురక వస్తది, ఆగుతది, మల్ల వస్తది. ఆగినప్పుడల్ల నేను లేసి కూసుంట. మల్ల వస్తె ఒరుగుత. ఎన్నేండ్ల సంది సూస్తలేను!"

గిర్ని కన్ను మూయనివ్వడం లేదన్న ఆ కేకలు అబద్ధం కాదన్నమాట. ఆవిడను లేపింది నా గురక కాదు, అది ఆగడం. నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను.

"మరి మాస్కు ఎందుకు పీకుతరు?"

"కొత్త మిషనాయె, దాన్ని నమ్ముడెట్ల? అందుకే బొట్టు వెట్టిన" అంది.

మర్నాడు మా ఆయన కొత్త ఫిల్టర్ తెచ్చారు. దుకాణం అతను పాతదాన్ని వాసన చూసి, ఏ గుళ్లో వాడుతున్నారు సార్ అన్నాడట. మాస్కు కడిగి, సరిగ్గా ఉందో లేదో చూద్దామని తగిలించుకుని పడుకున్నాను. మాస్కు మీద ఇంకా పోని బొట్టు తుడవబోయిన అత్తమ్మ చెయ్యి మాస్కు ముందున్న చిన్న చిన్న చిల్లుల దగ్గర ఆగిపోయింది.

"గాలొస్తున్నదే! మిషన్‌దా గిది?"

వేలితో నా ముక్కు చూపించాను. నేను ఊపిరి వదిలినప్పుడల్లా ఆవిడ అరచేతికి వెచ్చగా తగులుతోంది. కళ్లు మూసుకుని చాలాసేపు అలాగే ఉంది. "ఔ. వస్తున్నది" అంది. ఆ రాత్రి తన మంచాన్ని నా మంచానికి ఆనించి జరిపించింది.

ఇప్పుడు సిగ్నల్ దగ్గర నేను మెలకువగానే ఉంటున్నాను. క్లాసులో కూడా ఉంటున్నానని పిల్లలకు కాస్త బాధగా ఉంది. నా మాస్కు ముందు చెయ్యి పెట్టుకుని పడుకోవడం అత్తమ్మకు అలవాటైపోయింది. మార్కెట్లో పండ్లాయనతో మాత్రం, గిర్ని బంద్ అయింది, ఇక మెత్తటి పండ్లే ఇయ్యమని చెప్పింది.

మొన్న ఆదివారం మధ్యాహ్నం నాకే ముందు మెలకువ వచ్చింది. మాస్కు తీసి పక్కన పెట్టాను. దూరంగా స్టేషన్లో రైళ్ల ప్రకటన వినిపిస్తోంది. అత్తమ్మ వెల్లకిలా పడుకుని ఉంది, చెయ్యి గొట్టం మీద వాలిపోయి. కదలిక లేదు. చప్పుడు అసలే లేదు. కోడికునుకు మనిషి ఇంత నిద్ర పోవడం నేనెన్నడూ చూడలేదు. మెల్లగా వంగి, ఆవిడ ముక్కు కింద రెండు వేళ్లు పెట్టాను.

"ఉన్ననే" అంది అత్తమ్మ, కళ్లు తెరవకుండానే. "పండుకో."