ప్రార్థన మనవిలో లేని ఊరు

జ్ఞానకుమారికి భయం కొత్త కాదు. షార్జా వచ్చి ఏడేళ్లయినా గది తలుపు గడియ వేశాక మూడుసార్లు లాగి చూసుకునేది. ఎడమ మణికట్టు కాస్త వంకరగా అతుక్కుంది. ఏమైంది టీచర్ అని పిల్లలు అడిగితే సైకిలు మీంచి పడ్డాననేది. ఆవిడ జన్మలో సైకిలెక్కింది లేదు.

ఆ చెయ్యి విరిచింది మొగుడు ఏసుదానం. రేపల్లె దగ్గర మిషను స్కూల్లో డ్రిల్లు మాస్టారు. చర్చిలో పాట ఎత్తుకున్నాడంటే ముసలమ్మలు కళ్లు తుడుచుకునేవాళ్లు, అంత గొప్ప గొంతు. అదే గొంతు ఇంట్లో ఎలా ఉంటుందో ఒక్క జ్ఞానకుమారికే తెలుసు. తలుపు సందులో ఆవిడ చెయ్యి ఇరికించి తలుపు వేసిన రోజు సాయంత్రం కూడా అతను చర్చికి వెళ్లి పాడొచ్చాడు. ఆ పాట విని మురిసిపోయిన వాళ్ల మీద నాకు ఇప్పటికీ కోపమే.

ఒక్క పాస్టరుగారి భార్య మాత్రం మురిసిపోలేదు. ఊరంతా అమ్మగారు అని పిలిచే ఆవిడ, కట్టు విప్పిన వారానికే జ్ఞానకుమారిని గుట్టుగా బొంబాయి రైలెక్కించింది. షార్జా ఆసుపత్రిలో నర్సుగా చేస్తున్న లీదియాది కూడా ఆ చర్చి సంఘమే. లీదియానే అక్కడ ఒక ప్రైవేటు స్కూల్లో ఇంగ్లీషు టీచరు ఉద్యోగం చూసిపెట్టింది. ఊళ్లో వాళ్లు "దుబాయ్ పోయిందంట" అనుకున్నారు. మనవాళ్లకి మస్కటైనా దుబాయే, కువైటైనా దుబాయే. అంత పెద్ద దుబాయ్‌లో పెళ్లాన్ని వెతకడం ఏసుదానం వల్ల కాలేదు. ఏడేళ్లపాటు ఆ ఒక్క మాట చాటునే ఆవిడ బతికింది.

ఎనభై ఆరులో చమురు ధర పడిపోయింది. కంపెనీలు మనుషుల్ని ఇంటికి పంపేస్తున్నాయి, వాళ్లతోపాటే పిల్లలూ వెళ్లిపోతున్నారు. ఫిబ్రవరిలో స్కూలు నడిపే ముదీర్ టీచర్లందర్నీ కూర్చోబెట్టి, జూన్‌తో స్కూలు ఖలాస్ అని చెప్పేశాడు. వీసా రద్దయితే నెలలోగా దేశం వదలాలి. వదిలి ఎక్కడికి పోవాలి? వీసా ఇప్పించిన కఫీల్ కొనిచ్చే టికెట్టు సొంత ఊరికే. ఊళ్లో ఏసుదానం ఉన్నాడు.

ఆ స్కూల్లోనే ఇదివరకు పనిచేసిన స్కాట్లండ్ ముసలావిడ ఒకరు చైనా వెళ్లి కాలేజీ పిల్లలకి ఇంగ్లీషు చెబుతోంది. జ్ఞానకుమారి ఆవిడకి ఉత్తరం రాసింది. ఆవిడ సిఫారసు చేసింది. ఒకరోజు అక్కణ్ణుంచి లావుపాటి కవరు వచ్చింది. మూడు ఊళ్లలో ఖాళీలున్నాయి, ఏ ఊరు కావాలో వరుసగా రాసి మే నెల దాటకుండా పంపమన్నారు. కున్‌మింగ్, చెంగ్డూ, హార్బిన్.

లీదియా గదిలో ఇద్దరూ ఆ మూడు పేర్లూ ముందేసుకుని కూర్చున్నారు.

"ఓసినీ, చీనాకా! అరవై రెండులో యుద్ధం చేసింది వాళ్లే కాదటే? పాముల్ని కూడా తింటారంట," అంది లీదియా.

"పాముల్ని తినేవాళ్లంటే నాకేం భయం లేదులే," అంది జ్ఞానకుమారి. కానీ భయంగానే ఉంది. చిన్నప్పుడు స్కూల్లో యుద్ధం చందాలు పోగుచేసి చైనా అంటే దడుసుకున్న పిల్లే కదా ఆవిడా.

ముసలావిడ ఉత్తరంలో మూడు ఊళ్ల సంగతీ రాసింది. కున్‌మింగ్‌లో ఏడాది పొడుగునా పూలు పూస్తాయట. చెంగ్డూలో ఎండ తక్కువే గానీ కూరల్లో మిరపకాయలు మన గుంటూరువాళ్లలాగే దట్టిస్తారట. హార్బిన్‌లో మాత్రం నది గడ్డకట్టి దాని మీద బళ్లు నడుస్తాయట. మూతికి చుట్టుకున్న గుడ్డ మీద మన ఊపిరే మంచై పేరుకుంటుందట. కిందటి చలికాలం ఒక విదేశీ టీచరు తాగి బయట పడిపోతే తెల్లారేసరికి కాళ్లు తీసేయాల్సి వచ్చిందట.

రేపల్లె ఎండలో పుట్టి షార్జా ఎండలో ఉద్యోగం చేసిన మనిషి ఆ చివరి మాట దగ్గర ఉత్తరం మడిచేసింది. "కున్‌మింగ్ మొదలు, చెంగ్డూ రెండు. ఆ మూడోదాని పేరు నా దగ్గర ఎత్తకు," అంది.

ఆ భయంలోనే ఆవిడ చేయకూడని పని చేసింది. జ్వరమొచ్చినా, పరీక్ష రాసినా, ప్రయాణం పెట్టుకున్నా సంఘానికి ప్రార్థన మనవి పంపడం వాళ్లకి చిన్నప్పటినుంచీ అలవాటు. చెయ్యి దానంతటదే రాసుకుపోయింది. షార్జాలో స్కూలు మూతపడుతోందనీ, చైనా వెళ్తున్నాననీ, కున్‌మింగ్ గానీ కనీసం చెంగ్డూ గానీ దొరికేలా సంఘమంతా ప్రార్థించాలనీ రాసింది. పైన స్కూలు పేరు, పోస్టు బాక్సు నంబరు. హార్బిన్ మాట ఎత్తలేదు. అడగడానికి కూడా భయపడిన ఊరది. కవరు మీద అమ్మగారి పేరు, ఆ పేరు కింద అలవాటుగా "ప్రార్థన మనవి" అని రాసి, పోస్టాఫీసు కౌంటర్లో ఇచ్చేసింది.

బస్సు దగ్గరికి సగం దూరం వచ్చాక గుర్తొచ్చింది. ప్రార్థన మనవుల్ని ఆదివారం చర్చిలో పైకి చదువుతారు. చర్చిలో ఏసుదానం ఉంటాడు.

వెనక్కి పరిగెత్తింది. సంచి విమానాశ్రయానికి వెళ్లిపోయిందని కౌంటర్లో మలయాళీ గుమాస్తా చేతులు దులిపేశాడు. "ఖలాస్ మేడం. బ్యాగ్ ఎయిర్‌పోర్ట్ చలా గయా."

అక్కడే నిలబడి అమ్మగారికి టెలిగ్రాం ఇచ్చింది, ఉత్తరం చదవవద్దని. దానికి జవాబు రాలేదు. వారం గడిచింది, రెండు వారాలు గడిచాయి. క్లాసులో పాఠం మధ్యలో ఆగిపోయి కిటికీలోంచి గేటు వైపు చూసేది. అన్నం సయించేది కాదు. జరిగింది లీదియాకి చెప్పలేదు, తిడుతుందని.

ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం స్కూలు బస్సు నడిపే పోశయ్య స్టాఫ్ రూము గుమ్మంలోకొచ్చాడు. జగిత్యాల వైపు మనిషి.

"మేడం, మీ దిక్కాయన ఎవలో వచ్చిండు. గేటు కాడ నిలబడ్డడు. రమ్మనాల్నా, యల్లా అని పంపియ్యాల్నా?"

జ్ఞానకుమారికి కిటికీలోంచి చూస్తే అటు తిరిగి నిలబడ్డ ఒక మగమనిషి వీపు కనిపించింది. అదే ఎత్తు, అవే భుజాలు. కిటికీ రెక్క సగం మూసింది. అంతలో ఆ మనిషి ఇటు తిరిగాడు. ఏసుదానం కాదు, అతని బాబాయి కొడుకు ఏసురాజు. అదే దేశంలో ఆ చివరనున్న రువైస్ రిఫైనరీలో ఫిట్టరు. తెల్లారకముందే బయల్దేరి అంత దూరం వచ్చాడు.

"వదినా, నన్ను గుర్తుపట్టావా? మీ పెళ్లిలో మైకు పట్టుకుని తిరిగానే, ఆణ్ణి," అన్నాడు సంబరంగా.

"నేనిక్కడున్నానని ఎవరు చెప్పారు?"

"ఎవరో చెప్పడమేంటి! ఈస్టరుకి ముందు మట్టల ఆదివారంనాడు చర్చిలో చదివారంట కదా. అమ్మగారు కూతురి పురిటికి బాపట్ల వెళ్లారంట, ఆవిడ పేర వచ్చిన టెలిగ్రాం కూడా విప్పకుండానే ఉందంట. కవరు మీద ప్రార్థన మనవి అని ఉంటే పాస్టరు అయ్యగారే విప్పారంట. నీ పేరు వినగానే అన్నయ్య లేచి నిలబడి సాక్ష్యం చెప్పాడంట వదినా. తప్పు చేశానని వెక్కి వెక్కి ఏడ్చాడంట. అన్నయ్య మారిపోయాడు."

మారడం ఏసుదానానికి ఇది మొదటిసారి కాదు. ఆవిడకి తెలిసి నాలుగుసార్లు మారాడు. నాలుగోసారి మారిన తొమ్మిదో రోజునే మణికట్టు విరిగింది. ఈ సంగతి ఏసురాజుకి తెలియదు. తెలియదు గనకే అతని ముఖంలో అంత వెలుగు.

"పాస్‌పోర్టుకి పెట్టుకున్నాడంట. ఆ చీనా కాలేజీకి తనే ఉత్తరం రాస్తాడంట, నేను ఆవిడ భర్తని, నన్నూ రప్పించండి అని. మొగుడూ పెళ్లాలకి ఇల్లు కూడా ఇస్తారంట కదా? ఇంతకీ కున్‌మింగా, చెంగ్డూనా? కాయితం మీద రాసివ్వు, పంపించేస్తాను."

ఆవిడ కళ్ల ముందు ఆ ఇల్లు కనిపించింది. భాష తెలియని ఊళ్లో, నాలుగు గోడల మధ్య ఆ మనిషితో. అరిచినా అర్థం చేసుకునేవాళ్లుండరు.

"కున్‌మింగే. ఖాయమైంది," అంది. కాయితం మీద రాసిచ్చింది కూడా. రాస్తూ రెండుసార్లు అక్షరం కొట్టేసి దిద్దుకుంటే ఏసురాజు అది సంతోషమనుకున్నాడు.

అతను వెళ్లాక ఫారం తీసింది. సంఘంలో చదివిన ఊళ్లు రెండు. చదవని ఊరు ఒక్కటే మిగిలింది. మొదటి గడిలో హార్బిన్ అని రాసి, మిగతా రెండు గడులూ అడ్డంగా కొట్టేసింది. రాసి వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ మంచు తలుచుకుని కాదు, తన కోసం మంచిగా కోరుకున్న రెండు ఊళ్లనీ తన చేతులతోనే పాడుచేసుకున్నందుకు.

లీదియాకి కూడా చెప్పలేదు. లీదియా నెలనెలా ఊరికి ఉత్తరం రాస్తుంది; ఏడేళ్లూ అమ్మగారి కట్టడికి నోరు కట్టుకుంది గానీ, ఊరంతా తెలిశాక ఇక మనసులో ఒక్క మాట దాచుకోలేదు. ఏసురాజు మంచివాడు, అయ్యగారు మంచివారు, లీదియా మరీ మంచిది. ఇప్పుడు జ్ఞానకుమారికి మంచివాళ్లంటేనే భయం పట్టుకుంది. జూన్‌లో హార్బిన్ కాలేజీ ముద్రతో ఆర్డరు వస్తే పెట్టె అడుగున చీరల కింద దాచి, కున్‌మింగ్ ఖాయమని కృతజ్ఞతలు తెలుపుతూ సంఘానికి ఉత్తరం రాసింది. అబద్ధానికి స్తోత్రం చెప్పడం అదే మొదటిసారి.

షార్జాలో మార్కెట్టుకి తీసుకెళ్లి లీదియా రెండు పల్చటి స్వెట్టర్లు కొనిపెట్టింది. "ఏడాదంతా పూలు పూసే ఊరికి ఇవి చాల్లే," అంది. చాలవు అని ఆవిడ అనలేకపోయింది.

వెళ్లే రోజు విమానాశ్రయంలో, జనం మధ్యలోనే, లీదియా ఆవిడ రెండు చేతులూ పట్టుకుని కళ్లు మూసుకుంది. పైకే ప్రార్థించింది. "ప్రభువా, కున్‌మింగ్‌లో మా జ్ఞానకుమారికి తోడుగా ఉండు. కున్‌మింగ్‌లో ఆవిడ ఇంటిని కాపాడు. కున్‌మింగ్‌లో..." అంటూ ఆ ఊరి పేరే మళ్లీ మళ్లీ తలుస్తోంది. ఇక ఈ లోకంలో తన కోసం ఎవరు మోకరించినా ఆ ప్రార్థనలన్నీ ఆ ఊరికే పోతాయి, తానుండే చోటికి ఒక్కటీ రాదు. జ్ఞానకుమారి ఆమెన్ అనాల్సిన చోట లోలోపల ఒక్కటే మనవి చేసుకుంది.

"ప్రభువా, నేనెక్కడికి వెళ్తున్నానో నీకు తెలుసు. ఎవరికీ చెప్పకు."