మగ్గం తొక్కిన కాళ్లు

మా ఆయన డ్రైవింగ్ టెస్టుకు పోతున్నాడని తెలిసినప్పటి నుంచి గద్వాలలోని మా వీధిలో ప్రతివాడూ బ్రేక్ ఇన్‌స్పెక్టరే. "స్పీడుగ కొట్టన్నా, గప్పుడే డ్రైవింగ్ వచ్చినట్టు" అన్నాడొకడు. "మధ్యల ఇంజిన్ ఆగిందా, ఫెయిలే" అన్నాడింకొకడు. "మగ్గం తొక్కెటోనికి కారెంత పని? కాళ్లతోనే గదా!" అని మాత్రం అందరూ అన్నారు. ఆ మాట నేనూ నమ్మాను.

లైసెన్సు మాకు సరదాకు కాదు. ధరూర్‌లో ఉన్న మా అమ్మకు డయాలసిస్ మొదలైంది. షేర్ ఆటోలో ఇరుక్కుని గద్వాల దవాఖానకు వచ్చేది, తిరిగి వెళ్లేటప్పుడు నా భుజం మీద వాలిపోయేది. తమ్ముడు లారీ ఎక్కితే ఎప్పుడొస్తాడో తెలియదు. వాడి పాత కారు అమ్మ ఇంటి ముందు ఊరికే పడి ఉంది.

"నేను నేర్చుకుంట తియ్" అన్నాడు మా ఆయన. యాభై దాటాక, అదీ అత్త కోసం! నాకు ఆయన మీద ప్రేమ పొంగుకొచ్చింది. ఆయన చాయ్‌లో ఇంకో చెంచా చక్కెర వేశాను.

నేర్చుకునేటప్పుడు బయటపడింది అసలు సంగతి. మగ్గం మీద ఒక కాలు దిగితే రెండో కాలు లేవాలి. కారు ఆపాలంటే క్లచ్, బ్రేకు రెండూ తొక్కిపట్టాలి. ఆయన బ్రేకు తొక్కగానే ఎడమ కాలు దానంతటదే లేచేది, కారు ఎగిరిపడి ఆగేది. వెనక కూర్చున్న నాకు ఒళ్లు మండేది.

"ఏందయ్యా, గది మగ్గమనుకున్నవా?"

"కాలు నా మాట ఇంటలేదే!"

తీరా కాళ్లకు కారు అలవాటయ్యేసరికి మగ్గం మీద రెండు కాళ్లూ కలిపి తొక్కాడు. అడ్డపోగును అటూ ఇటూ మోసే నాడె మధ్యలో ఇరుక్కుని పోగులు తెగాయి. ఆయన్ను తిడుతూనే పక్కన కూర్చుని అతికాను.

టెస్టు రోజు నేను కంచె బయట నిలబడ్డాను. మలుపులన్నీ బాగానే తిరిగాడు. ఆపమన్న చోట మాత్రం కారు ఎగిరిపడి ఆగిపోయింది. అంతా అయిపోయిందనుకుని ఆయన దిగడానికి తలుపు మీద చెయ్యి వేశాడు, నా వైపు చూశాడు. నేను బొటనవేలు, చూపుడువేలు కలిపి మెలితిప్పి చూపించాను. మగ్గం దగ్గర తెగిన పోగును మేము అతికేది అలాగే. ఆయన చెయ్యి తీసేశాడు. గేరు తీసి, అద్దంలో వెనక చూసుకుని, మళ్లీ స్టార్ట్ చేశాడు.

పాసయ్యావంటే ఆయన నమ్మలేదు. "మధ్యల ఆగింది గద సార్?" అని తనే గుర్తుచేశాడు. నాకు తల బాదుకోవాలనిపించింది.

"ఆగితే ఏమైంది? గాబరా పడకుంట, వెనక చూసుకొని కదిలినవ్. నాకు గదే గావాలె" అన్నాడు బ్రేక్ ఇన్‌స్పెక్టర్.

తర్వాతి డయాలసిస్‌కు అమ్మను వెనక సీట్లో పడుకోబెట్టి బయలుదేరాం. దారిలో గొర్రెలు అడ్డమొచ్చి కారు మళ్లీ ఎగిరిపడి ఆగింది.

"ఏమైందయ్యా?" అంది అమ్మ.

"ఏం లేదత్తమ్మా, పోగు తెగింది."

అమ్మ కూడా మగ్గం మీద బతికిన మనిషే. "నిమ్మళంగ అతుకు. నాకేం తొందర లేదు" అని కళ్లు మూసుకుంది. ఆటోలో ఏనాడూ రెప్ప వాల్చని మా అమ్మ, గద్వాల వచ్చేదాకా నిద్రపోయింది.