ఫర్ అని చెప్పలేదు

చిన్న ఇంగ్లీషు మాట ఒకటి ఇన్నేళ్లుగా నా గొంతులో అడ్డుపడి ఉంది. మా వారికి కూడా చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులు. మాది కోస్తా నుంచి వచ్చిన కుటుంబం. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో ఇంగ్లీషు చెప్పేదాన్ని. నా క్లాసులో స్వరూప అని నల్లగొండ వైపు అమ్మాయి ఉండేది. ఇద్దరు పిల్లల తల్లి. టీచర్ ఉద్యోగం కోసం చదివేది. నాకు గొంతు పట్టేసినప్పుడల్లా ఫ్లాస్కులో అల్లం చాయ్ తెచ్చి బల్ల మీద పెట్టి వెళ్లి కూర్చునేది.

ఒకరోజు పొద్దున మా సందు చివర ఎవడో నన్ను చూసి, మీ ఊరికి మీరు పోండ్రి అన్నాడు. ఆ మంటతోనే క్లాసుకు వెళ్లాను. క్లాసయ్యాక స్వరూప ఆగింది. ఎల్బీనగర్ చౌరస్తాలో దీక్ష శిబిరానికి ఇంగ్లీషులో బ్యానర్ రాయాలట. ‘డిమాండ్’ పక్కన ‘ఆఫ్’ వస్తుందా, ‘ఫర్’ వస్తుందా అని అడిగింది.

ఫర్. నిద్రలో లేపి అడిగినా చెప్పగలను.

ఆఫ్ అన్నాను.

ఎందుకు? ఆమె నన్నేమంది? పొద్దున అన్నవాణ్ణి ఏమీ చేయలేక, నన్ను నమ్మిన మనిషి చేతిలో తప్పు పెట్టి, వాళ్ల బ్యానర్ చూసి ఎవరైనా నవ్వితే చాలనుకున్నానా? అనుకున్నాను.

నవ్వారు. బంద్ నాడు బస్సుల్లేక నడిచొస్తూ ఆ శిబిరం దగ్గర ఆగాను. లెక్చరర్ ఒకాయన బ్యానర్ చూపిస్తున్నాడు. “డిమాండ్ ఆఫ్ తెలంగాణ ఏంది? ఎవరు రాసిండ్రు?”

స్వరూప లేచింది. “నేనే సార్. నాకే సక్కగ రాదు.”

అప్పటికే ఆమె నన్ను చూసింది. చూసి కూడా నా పేరెత్తలేదు. పైగా గొడవల్లో ఒక్కదాన్నే వెళ్లొద్దని, నాగోల్‌లో మా ఇంటి దాకా తోడొచ్చింది.

“మేడం, గా మాట తొందరల చెప్పినట్టున్నరు. మనసుల పెట్టుకోకుండ్రి,” అంది గేటు దగ్గర.

“అవును స్వరూపా, తొందరలోనే,” అన్నాను.

ఆ తర్వాత ఆమె క్లాసులో నోరు విప్పి ఏదీ అడగలేదు. పరీక్షకు ముందే రావడం మానేసింది. ఆ నవ్వుల వల్లేనా? ఇంట్లో ఏదైనా ఇబ్బందా? అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

ఇప్పుడు సైదాబాద్‌లో ఉంటోందని విన్నాను. వెళ్లలేదు. వెళ్తే ఒక్క మాటనకుండా క్షమిస్తుంది, కూర్చోబెట్టి అన్నం పెడుతుంది. అది తెలిసే అడుగు పడటం లేదేమో.

తొందరలో కాదు. కావాలనే చెప్పాను. ఈ ముక్క ఇన్నాళ్లకు రాశాను. ఊపిరి కాస్త ఆడింది.