అవ్వ తోటలో పుట్ట, ఆఫీసుకు చేరిన ఫోటో

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఏదీ ఉండేది కాదు. తోటల పంటలు చూసే కొత్త ఉద్యోగం, చేతిలో ఆఫీసు ఫోను, తలనిండా పరీక్షకు చదివిన పాఠం. చెదపుట్ట కనబడితే తవ్వించాలి, ముందొక ఫోటో, తర్వాతొక ఫోటో పంపాలి (ఫోటోలో మనమూ ఉండాలి, లేకపోతే పని చేసినట్టు కాదు). పెనుకొండ దగ్గరి ఓ పల్లెలో నా మాట విని ఒక రైతు తన తోటలో పుట్టలన్నీ చదును చేశాడు. ఇక మిగిలింది పక్కనే ఉన్న అవ్వ చీనీ తోట (బయటివాళ్లకు బత్తాయి తోట).

ఆమె నాకు చుట్టం కాదు, ఊరందరికీ అవ్వ. వేసవిలో ఆమె బోరు గంటసేపు నీళ్లు పోస్తే గొప్ప. డ్రిప్పు పైపులను దప్పికైన ఎలుకలు కొరికాయంటే చెట్లు ఎండినట్టే. "ఆ పుట్టలో జెర్రిపోతు ఉండాది సారూ. అది తిరుగుతాండబట్టే ఎలకలు నా పైపుల జోలికి రాల్యా" అంది. చెదలు కట్టిన ఆ ఇంట్లో ఉడుము, కప్పలు కూడా కాపురముంటున్నాయనీ, చెట్లకు ఏ కీడూ జరగలేదనీ చెప్పింది. నేను మూఢనమ్మకాల మీద చిన్న ఉపన్యాసమిచ్చి, ఫోను ఆమె చేతికిచ్చి, ఎక్కడ నొక్కితే ఫోటో నేరుగా ఆఫీసుకు పోతుందో చూపించి గడ్డపార ఎత్తాను.

ఒక్క పోటుకే పెచ్చు ఊడి, నాకంటే పొడుగున్న జెర్రిపోతు బయటికొచ్చింది. తర్వాత ఏం జరిగిందో గుర్తు లేదు, నీళ్లతొట్టి గోడ మీద ఒంటి చెప్పుతో తేలాను. అప్పటిదాకా సారూ అన్న అవ్వ నవ్వాపుకుంటూ, "దిగు నాయనా, అది నీకన్నా భయపడి పాయ" అని చెయ్యందించింది. ఆ పిలుపుతో నా ప్రాణం కుదుటపడింది. పాపం, నొక్కమన్న చోట నొక్కింది కూడా. పుట్ట పదిలంగానూ, నేను గాలిలోనూ ఉన్న ఫోటో ఆఫీసుకు చేరింది. పై అధికారి ఫోన్ చేసి, పుట్ట సంగతి సరే, ముందు నన్ను కిందికి దిగమన్నారు.

ఆ వేసవిలో పక్క తోట పైపులు ఎలుకల పాలయ్యాయి. అవ్వ తోటలో ఒక్కటీ తెగలేదు. ఆ రైతు ముందు నేను తలదించుకుని నిలబడితే, "పిల్లోడప్పా, ఇంగా నేర్చుకుంటాండాడు" అని అవ్వే అడ్డుపడింది. అతను కొత్త పైపులు వేసుకునేదాకా తన గంట నీళ్లలో సగం కాలువ తీసి అతని చెట్లకు వదిలింది. నా తప్పుకు ఆమె చెట్లు దప్పికతో ఉండిపోయాయి.

కొత్తగా చేరిన వాళ్లకు ఇప్పుడు నేనే పని నేర్పుతున్నాను. మొదట ఆ ఫోటోనే చూపిస్తాను. వాళ్లు పడీపడీ నవ్వుతారు, గాలిలో ఉన్న ఆ సర్వజ్ఞుణ్ణి చూసి నేనూ నవ్వుతాను. ఫోటోలో అవ్వ లేదు. ఆ తోటలో పని చేసింది మాత్రం ఆమే.