‘ఆ’ అంటే రా

ఇది ఒక మహాయుద్ధం కథ. ఇందులో వ్యూహం ఉంది, శత్రువులకి అర్థం కాని గూఢభాష ఉంది, మంచు కమ్ముకున్న రణరంగం ఉంది, విజయానికి ఒక్క అడుగు దూరంలో నేలకొరిగిన నాయకురాలుంది.

ఇలా మొదలుపెట్టమని మా కోచ్ సారు చెప్పారు. నిజానికి అది జిల్లాల మధ్య జరిగిన ఆడపిల్లల ఇరవై ఓవర్ల మ్యాచ్. నేలకొరగడం మాత్రం నిజమే. పిచ్ మీద పరిచిన మ్యాటు అంచు కాలికి తగిలి పడింది.

మా జట్టులో సగం మంది అరకు చుట్టుపక్కల కొండ పిల్లలం, సగం మంది కింద మాడుగుల, చోడవరం వైపు వాళ్లు. కెప్టెన్‌ది చోడవరం దగ్గర పల్లె. నాకంటే రెండేళ్లు పెద్ద కాబట్టి అక్కా అంటాను. ఓపెనింగ్ బ్యాటర్. రాష్ట్ర జట్టు క్యాంపుకి వెళ్లాలని ఆమె పట్టుదల. ఏ సంగతి ఎత్తినా చివరికి క్యాంపు దగ్గరే ఆగేది. హాస్టల్ ఉప్మాలో ఉప్పు తక్కువైతే, “క్యాంపులో ఇలాగుండదంట” అనేది. వచ్చే ఏడాదికి ఆమె వయసు దాటిపోతుంది. ఈ సీజన్‌లో ఒక్క మ్యాచ్‌కే సెలెక్టరు వస్తున్నారని తెలిసింది. ఆ మ్యాచ్ మా అరకులోనే.

“ఈసారి కాపోతే ఇంక నేను టీవీలో సూసుకోడవే,” అంది అక్క.

“మీ ఇంట్లో టీవీ పాడైంది కదక్కా,” అన్నాను. బ్యాటు విసిరింది. తగల్లేదు. బ్యాటర్ కదా, విసరడం రాదు.

ఇక వ్యూహం. కిందటి మ్యాచ్‌లో మేం ముగ్గురం రనౌట్ అయ్యాం. పరుగు తియ్యడానికి మేం ‘రా’ అన్నా, ‘యెస్’ అన్నా అవతలి ఫీల్డర్లకీ అర్థమైపోతోందని సారు కనిపెట్టారు. మేం నెమ్మదిగా పరిగెత్తామన్నది అసలు కారణం. కానీ సారు చెప్పిన కారణం మాకు గౌరవంగా ఉంది, ఒప్పేసుకున్నాం.

“ఏటే గుంటా, మీ కొండ మాటలో రా అనడానికి ఏటంతారు?” అని సారు నన్ను అడిగారు.

“ఆ.”

“రా అనడానికే, ఏటంతారు?”

“ఆ, సార్.”

“ఇనబడింది కదే, సెప్పు మరి.”

ఇలా కొంతసేపు నడిచింది. మా ఇంట్లో మాట్లాడేది కొండ ఒరియా. అందులో ‘ఆ’ అంటే రా, ‘నా’ అంటే వద్దు. ఇంత చిన్న మాటలు దొరికినందుకు సారు పొంగిపోయారు. ఆ వారమంతా కింది పిల్లలు ఆ, నా అంటూ పరిగెత్తారు. తెలుగులో కూడా ‘ఆఁ?’ అనే మాట ఒకటుందని, సరిగ్గా వినబడనప్పుడు అందరం అదే అంటామని ఎవరికీ గుర్తు రాలేదు. హెల్మెట్ పెట్టుకుంటే అక్కకి సగమే వినబడుతుందని కూడా ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. యుద్ధంలో ఇన్ని చూసుకోవడం కష్టం.

మ్యాచ్ రోజు సంత. పైగా మంచు. అవతలి వికెట్టు కనబడాలంటే దగ్గరికెళ్లి చూడాలి. కింది పిల్లల వ్యాన్ పొద్దున్నే వచ్చింది. మా వికెట్ కీపర్ అందులోంచి దిగి, తిన్నగా వెళ్లి గట్టు మీద పడుకుంది. ఘాట్ రోడ్డు మలుపులన్నిటికీ తలో కొంచెం సమర్పించుకుంటూ వచ్చిందట.

“మాత్ర ఏసుకోలేదేటే?” అని ముందు సీట్లోంచి దిగిన అక్క అడిగింది.

“ఏసుకున్నానక్కా.”

“ఎక్కడ?”

“డముకు దగ్గర.”

డముకు అంటే కొండ సగం ఎక్కేసినట్టే. అప్పటికి పని జరిగిపోయింది.

మంచు తేరి టాస్ వేసేసరికి మధ్యాహ్నం కావస్తోంది. మేమే ముందు ఫీల్డింగ్. కీపర్ లేవలేదు. గ్లవ్స్ ఎవరూ ముట్టుకోకపోయేసరికి అక్కే తొడుక్కుంది. జన్మలో కీపింగ్ చెయ్యలేదు. కొన్ని బంతులు చేతికి చిక్కాయి, మిగతావి భుజానికీ మోకాలికీ తగిలి ఆగాయి. ఒకసారి బంతి పట్టుకుని జారి స్టంప్స్ మీదే పడింది. బ్యాటర్ అప్పుడు క్రీజు బయట ఉంది. దాన్ని స్టంపింగ్ అన్నారు.

అప్పటికే విశాఖ రైల్లో సెలెక్టరు వచ్చేశారు. బౌండరీ దగ్గర పెద్ద గొడుగు కింద ప్లాస్టిక్ కుర్చీలో, తెల్ల టోపీతో కూర్చున్నారు.

“ఆయన సూడాల్సింది నా బ్యాటింగే, ఈ అవతారం కాదు,” అని అక్క ఓవరు ఓవరుకీ గొణిగింది.

అన్నాలయ్యాక మా బ్యాటింగ్. అక్క బయల్దేరే ముందు గొడుగు వైపు చూసింది. తెల్ల టోపీ ఉంది. మొదటి ఫోర్ కొట్టి మళ్లీ చూసింది. టోపీ తలూపింది. ఇంకో ఫోర్. టోపీ ఇంకాస్త కిందికి ఊగింది. అంత దూరం నుంచి మెచ్చుకోలుకీ కునికిపాటుకీ తేడా తెలీదు. అక్క ఆ రోజు ఆడినట్టు ఎప్పుడూ ఆడలేదు. ఇది మాత్రం వెటకారం కాదు. మోకాలి మీద కూర్చుని కొట్టిన బంతి ఒకటి వెళ్లి సంతకొచ్చిన వాళ్ల అల్లం బస్తాల్లో పడితే, నేను ప్యాడ్లు కట్టుకోవడం ఆపి చూశాను.

చివరి ఓవర్‌కి నేను అవతలి ఎండ్‌లో ఉన్నాను. గెలవడానికి ఒక పరుగు కావాలి, అక్క యాభైకీ అదే ఒక పరుగు. ఆమె బంతిని పాయింట్ వైపు నెట్టింది. ఫీల్డర్ దగ్గర్లోనే ఉంది. వద్దా అన్నట్టు నేను, “నా?” అని అరిచాను.

హెల్మెట్ లోపల్నుంచి అక్క, “ఆఁ?” అంది.

నేను పరిగెత్తాను. బాగా పరిగెత్తాను కూడా, సారు తర్వాత ఒప్పుకున్నారు. నేను మీదికొచ్చేస్తుంటే ఇంక చేసేదేం లేక అక్క కూడా బయల్దేరింది. నన్ను దాటింది, అవతలి ఎండ్ దాకా వెళ్లింది, మ్యాటు అంచు తగిలి పడింది. బెయిల్స్ ఎగిరాయి.

“ఎందుకొచ్చీసేవే?” అంది పడుకునే.

“నువ్వే పిలిచావు కదక్కా.”

“నేనేటి పిలిసేను?”

“ఆ అన్నావు.”

“ఆఁ?”

“అదిగో, మళ్లీ.”

తర్వాతి బంతి వైడు. గెలిచేశాం. సారు రెండు చేతులూ ఎత్తి మైదానంలోకి పరిగెత్తుకొచ్చారు. గెలిచిన సంగతి మాకింకా తెలియలేదు కాబట్టి ఏదో దెబ్బ తగిలిందనుకుని దారిచ్చాం.

అక్క హెల్మెట్ తియ్యకుండానే ఏడ్చింది. గ్రిల్ సందుల్లోంచి ముక్కు తుడుచుకోవడం కుదరదు. నేను పట్టీ విప్పబోతే చెయ్యి తోసేసింది. కాసేపటికి తనే తీసి, మొహం కడుక్కుని, గొడుగు వైపు నడిచింది. నేనూ వెనకే వెళ్లాను. మరీ దగ్గరగా వెళ్లలేదు.

“సార్, ఆ రనౌట్‌లో నా తప్పేటీ లేదండి. యాభై అయిపోయేదండి. ఇంకొక్క మ్యాచ్ సూడండి సార్,” అంది.

తెల్ల టోపీ ఆయన కళ్లు నులుముకుని లేచాడు. “అయిపోయిందా అమ్మా? అయితే కుర్సీలు బండెక్కించీమంటావా?”

ఆయన టెంట్ హౌసాయన. కుర్చీలూ గొడుగూ ఆయనవే.

“సెలెక్టరు గారేరి?” అంది అక్క.

“ఆ బాబా? అన్నాలప్పుడే రైలుకెల్లిపోనారు. టోపీ మర్సిపోనారు. ఎండగుందని నాను ఎట్టుకున్నాను.”

అక్క చాలాసేపు ఆ టోపీని చూసింది. సాయంత్రం వ్యాన్ ఎక్కేదాకా క్యాంపు మాట ఎత్తలేదు. ఇన్నేళ్లలో అంత ప్రశాంతమైన పూట అదొక్కటే. నాకు అస్సలు నచ్చలేదు.

కొన్నాళ్లకి ప్రాక్టీసులో ఉండగా సారుకి ఫోన్ వచ్చింది. మాట్లాడి, అక్క దగ్గరికొచ్చి నిలబడ్డారు. అక్క హెల్మెట్‌లో ఉంది.

“నిన్ను క్యాంపుకి తీసుకున్నారే. కీపర్‌గా.”

“ఆఁ?” అంది అక్క.

నేను అలవాటు కొద్దీ రెండడుగులు ముందుకేశాను.

ఆయన ఆమె బ్యాటింగ్ ఒక్క బంతి కూడా చూడలేదు. చూసిందల్లా కీపింగ్, అందులోనూ ఆ స్టంపింగ్. క్యాంపుకి సొంత గ్లవ్స్ తెచ్చుకోమన్నారట. మా కీపర్ తన గ్లవ్స్ ఇవ్వడానికి రెండు రోజులు ఏడిపించి, చివరికిచ్చింది. రైలు తప్పితే ఘాట్ రోడ్డు బస్సే గతి, ఆ మలుపులంటే సెలెక్టరు గారికి కూడా పడదట, అందుకే ముందే వెళ్లిపోయారట. సారు ఇప్పటికీ దీన్ని విధి అంటారు.

వాంతుల మాత్ర బండి ఎక్కే అరగంట ముందు వేసుకోవాలి.