పాత కొమ్మ మీది మొగ్గలు

మా పక్కింటి సిస్టరమ్మ పోయిన ఆదివారం పొద్దున కన్నుమూశారు. నేను వాకిలి ఊడుస్తుంటే ఆవిడ తమ్ముడు మా గేటు దాకా వచ్చి, లోపలికి రాకుండా నిలబడ్డాడు. "అక్క పోయిందమ్మా. ఇప్పుడే. నీకే ముందు చెప్పమన్నది" అన్నాడు. తరువాత ఎవరికి చెప్పాలో తోచనట్టు కాసేపు అక్కడే ఉండి, చెప్పులైనా లేని కాళ్లతో వెనక్కి వెళ్లిపోయాడు.

ఆవిడ ముప్పయ్యేళ్లకు పైగా నర్సు. పెళ్లి చేసుకోలేదు. రిటైరయ్యాక మల్కాజ్‌గిరిలో మా పక్కనే రెండు గదుల ఇల్లు కట్టుకుని తమ్ముడితో ఉండేవారు. కాలనీలో ఆవిడ అసలు పేరు ఎంతమందికి తెలుసో నాకు తెలియదు. పిల్లల నుంచి ముసలివాళ్ల దాకా అందరికీ సిస్టరమ్మే.

మా పరిచయం ఏసీ నీళ్లతో మొదలైంది. ఒక ఎండాకాలం గోడ మీంచి తొంగి చూసి, "మీ ఏసీ నీళ్లు ఊకెనే పోతున్నయి. బకెట్ పెట్టుకుంటా, ఏమనుకోకు" అన్నారు. అవి హైడ్రాంజియా పూల మొక్కలకట. ఊటీ వైపు నుంచి వచ్చిన ఒక తోటి నర్సు ఎప్పుడో ఇచ్చిన కొమ్మ నుంచి రెండు మొక్కలు చేశారు. మా బోరు నీళ్లు పోస్తే వాటి ఆకులు పాలిపోతాయి. అందుకని వాన నీళ్లు, అవి అయిపోతే ఏసీ నీళ్లు. తూర్పు గోడ వారన, తొమ్మిదింటి దాకా ఎండ, ఆపైన పచ్చ వల నీడ. వేసవి మొదట్లో ఒక్కో గుత్తి పసిపిల్ల తలంత అయ్యేది. దారిన పోయేవాళ్లు ఆగి ఫోటోలు తీసుకునేవాళ్లు. నీలం పూలు పూయించొచ్చు కదా అని ఒకసారి అడిగాను.

"మన మట్టికి గులాబీ రంగే వస్తది. నీలం గావాలంటే పటిక పొయ్యాలె. ఎందుకు దాన్ని పరేషాన్ చేసుడు?" అన్నారు.

మా అమ్మ పక్షవాతంతో మంచాన పడ్డ ఎనిమిది నెలలూ సిస్టరమ్మ రోజూ వచ్చి వీపు మీది పుండ్లు కడిగి కట్టు కట్టేవారు. అమ్మ లేచి తిరుగుతుందా అని అడిగితే, "లేవదు బిడ్డా. నొప్పి లేకుండ జూస్తా. గంతవరకే నాతోని అయితది" అన్నారు. నాకు ఒళ్లు మండింది. రెండు రోజులు ఆవిడతో మాట్లాడలేదు. ఆవిడ మాత్రం ఆ రెండు రోజులూ వేళకే వచ్చి కట్టు మార్చి వెళ్లారు. మా అమ్మ శుభ్రంగా, ఒంటి మీద వాసన లేకుండా పోయింది. ఆ మేలు నేను ఎవరికీ సరిగ్గా చెప్పలేకపోయాను, ఆవిడకు కూడా.

పద్నాలుగు నెలల కింద, డిసెంబరులో, ఆవిడ కడుపులో గడ్డ బయటపడింది. ఆపరేషన్‌కు తమ్ముణ్ని వెంటబెట్టుకుని వెళ్తూ తాళం నా చేతిలో పెట్టి, "నీళ్లు పొయ్యి, చాలు" అన్నారు. మూడు వారాలు ఆసుపత్రిలోనే ఉండిపోయారు. చలికి హైడ్రాంజియాల ఆకులు రాలి వట్టి పుల్లలు మిగిలాయి. ఆవిడ వచ్చేసరికి తోట బాగుండాలనుకున్నాను. గులాబీలు ఎలా కత్తిరించాలో ఫోన్‌లో ఒక వీడియో చూశాను. అన్నీ ఒకటేనని, రెండు మొక్కల్నీ మోకాలెత్తుకు సమానంగా కోసేశాను. ఆ ముక్కలు ఊడ్చి పారేస్తూ సంతోషపడ్డాను కూడా.

ఆవిడ కారు దిగి, తమ్ముడి భుజం పట్టుకుని, ఇంట్లోకి పోకుండా నేరుగా ఆ గోడ దగ్గరికి వెళ్లారు. కోసిన కొసను ఒకదాన్ని బొటనవేలితో తడిమి లోపలికి వెళ్లిపోయారు. నాలుగు రోజులు నన్ను పిలవలేదు. నీరసం అనుకున్నాను. అయిదో రోజు కబురొచ్చింది.

"ఎవరు గోసిండ్రు?"

"నేనే సిస్టరమ్మా. ఎండిపోయినయనుకున్న."

"ఎండలే. ఆ కొసలల్లనే మొగ్గ దాసుకుంటది. ఈ చెట్టు పాత కొమ్మ మీదనే పూస్తది. ఈ ఏడు పువ్వు లేదు."

ధైర్యం చెబుతున్నాననుకుని, "వచ్చే ఏడు పూస్తది గదా" అన్నాను.

"పూస్తది. నేనుండ."

డాక్టర్లు ఎవరైనా అలా చెప్పారా అని అడిగాను. ఎవరూ చెప్పనక్కర్లేదన్నారు. నాకు ఏడుపు ఆగలేదు. ఆవిడ ఓదార్చలేదు. "తెల్వకపోతే అడగాలె. ఫోన్ నా దిండు కిందనే ఉండె" అని మాత్రం అన్నారు. మంచం మీద లేచి కూర్చుని, "ఏడ్చుడు తర్వాత. పోయి కత్తెర తే. స్పిరిట్ సుత తే" అన్నారు. నేను నలిపి కోసిన కొసలు సాఫు చేయమని, కత్తెర రెండు రెక్కలూ దూదితో తుడిచి నా చేతికిచ్చారు. ఒక మొక్క కోసి ఇంకో మొక్క ముట్టుకునే ముందు మళ్లీ తుడవాలి. అది ఆవిడ పద్ధతి.

ఆ వేసవి అంతా రెండు మొక్కలూ ఏపుగా ఆకులు వేశాయి. ఒక్క పువ్వు లేదు. ఈసారి ఏమైందని అడిగిన వాళ్లకు, "ఈ ఏడు పూయది" అని ఊరుకునేవారు. పక్కనే నేను నిలబడి ఉన్నా నా పేరు రాలేదు.

రెండోసారి క్యాన్సర్ మందు ఎక్కించుకోనన్నారు. తమ్ముడు కాళ్లు పట్టుకున్నాడు. "ఆ వార్డుల నేను పనిజేసిన్రా. ఎట్లుంటదో నాకు జెప్పకు" అని కాళ్లు వెనక్కి లాక్కున్నారు.

వానలు మొదలయ్యాక వరండాలో కుర్చీ వేయించుకుని, శాలువా కప్పుకుని, నాకు పని నేర్పారు. మీ ఇంట్లో ఈ మొక్క ఉంటే ఆవిడ మాటగా వినండి. పూలు వాడిన వెంటనే, వానాకాలం దాటకముందే కోయాలి. వాడిన గుత్తి కింద బలమైన రెండు కణుపులు చూసి, వాటికి కాస్త పైన కోయాలి. చలికాలంలో ముట్టుకోకూడదు. పుల్ల ఎండిందో లేదో అనుమానముంటే గోటితో గీకాలి. లోపల పచ్చగా ఉంటే వదిలేయాలి. "గీకి జూడు. తొందర పడకు" అని ప్రతి పుల్ల దగ్గరా అనేవారు. అప్పటికి ఆవిడ చెయ్యి ఆ పుల్లలకంటే ఏమంత లావు లేదు. గాజు తీసి బీరువాలో పెట్టించారు, జారిపోతోందని.

జనవరిలో మొగ్గలు కనిపించాయి. పరిగెత్తుకెళ్లి చెప్పాను. అప్పటికి ఆవిడ మంచం దిగడం లేదు.

"ఎన్ని?"

"పదకొండు."

"చిన్నయి నాలుగు తీసెయ్. చెట్టుకు ఇంక బలం రాలే."

నా చేతులు రాలేదు. మర్నాడు అడిగారు. తీయలేదన్నాను. "తియ్యి బిడ్డా. మిగిలినయన్న సక్కగ పూస్తయి." ఆ సాయంత్రం తీసి అరచేతిలో పెట్టుకుని తీసుకెళ్లాను. శనగ గింజలంత ఆకుపచ్చ మొగ్గలు. తల ఎత్తలేకపోయారు. వేలితో ఒక్కొక్కటీ తాకి చూశారు. "అడిగి కోసినవ్" అన్నారు. నాతో అన్న చివరి మాట అదే. మిగిలిన ఏడూ విచ్చుకోకముందే ఆవిడ వెళ్లిపోయారు. శవం మీదికి మేం బజారు నుంచి బంతిపూలు తెచ్చాం.

మర్నాడు తమ్ముడు ఇల్లు కడిగి, ఆవిడ పరుపును గేటు బయట గోడకు ఆనించి పెట్టాడు. పాత దూది పరుపు. నడుమ ఒక పక్కకు ఒరిగి పడుకున్నంత మేర గుంట పడి ఉంది. చెత్త ఆటో వచ్చింది. తమ్ముడు పరుపును కింద పడేసి, మోకాలు మోపి చుట్టబోయాడు. ఆ గుంట దగ్గర దూది గట్టిపడి మడత పడలేదు. రెండుసార్లు ప్రయత్నించి, చుట్టకుండానే ఎత్తి ఆటో పైన వేశాడు. ఆటో సందు చివరి దాకా వెళ్లింది. పరుపు పైన వెల్లకిలా పడి ఉంది. ఆ గుంటలో ఎండ పడుతోంది.